డెస్క్‌టాప్ మెయిల్ యాప్ క్లౌడ్‌కి మారితే: తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్లో మెయిల్ యాప్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ నాకు ఫోన్లు వస్తుంటాయి. "పాతది పోయి కొత్తది వచ్చింది, నా పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరికి పోతోందట, నిజమేనా?" అన్నదే అందరి అనుమానం. ఫోన్లో చెప్పింది సగం మరిచిపోయి వారం తిరిగేసరికి మళ్ళీ అదే అడుగుతున్నారు. అందుకే ఇక్కడ రాసి పెట్టాను. మొదటి నుంచీ చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## అసలు జరుగుతున్నదేంటి

మెయిల్ ఎప్పుడూ ఏదో ఒక సర్వర్లోనే ఉంటుంది కదా! మరి "క్లౌడ్‌కి మారింది" అంటే కొత్తగా మారిందేంటి?

పాత పద్ధతిలో ఉన్నది ఇద్దరే. ఒకటి మీ కంప్యూటర్, రెండోది మీ మెయిల్ సర్వర్. యాప్ తయారుచేసిన కంపెనీ సాఫ్ట్‌వేర్ మీ చేతికిచ్చి పక్కకు తప్పుకునేది. మీ పాస్‌వర్డ్ కంప్యూటర్లోనే ఉండేది, యాప్ నేరుగా సర్వర్‌తో మాట్లాడేది.

కొత్త పద్ధతిలో మధ్యలోకి మూడోవాడు వచ్చాడు. యాప్ కంపెనీ సర్వరే మీ పేరుతో మీ మెయిల్ సర్వర్లోకి లాగిన్ అవుతుంది. మెయిళ్ళను తన దగ్గరికి కాపీ చేసుకుని, అక్కడి నుంచి మీ తెర మీదికి పంపుతుంది. మీరు చదివేది ఆ కాపీనే. పైకి చూస్తే రెండు యాప్‌లూ ఒకేలా ఉంటాయి, అదే బటన్లు, అదే ఇన్‌బాక్స్. అందుకే "నా మెయిల్ క్లౌడ్‌లో ఉందా?" అని అడిగితే పెద్దగా ఏమీ తెలియదు. ఎందరి క్లౌడ్‌లో ఉంది, తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉంది అని అడగాలి.

నా యాప్ ఏ రకమో నేనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, పెద్ద సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష చెబుతాను. మీ మెయిల్ అకౌంట్‌ను వెబ్‌లో తెరిచి, ఇటీవలి లాగిన్ల జాబితా చూడండి. జీమెయిల్లో అయితే కంప్యూటర్ బ్రౌజర్లో ఇన్‌బాక్స్ కింద కుడివైపు మూలన "వివరాలు" అనే లింకు ఉంటుంది. ఇక కంప్యూటర్ని పూర్తిగా ఆపేసి, ఫోన్లో కూడా ఆ యాప్ లేకుండా చూసుకుని, కొన్ని గంటలు వదిలేయండి. తర్వాత మళ్ళీ ఆ జాబితా చూడండి. మీ కంప్యూటర్ నిద్రపోతున్న సమయంలో ఎవరో మీ మెయిల్లోకి వచ్చి వెళ్ళినట్టు కనిపిస్తే, అది ఆ కంపెనీ సర్వర్ అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ జాబితాలో కనిపించే ఐపీ అడ్రస్ (కనెక్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఇంటర్నెట్ చిరునామా) మీ ఇంటర్నెట్ కంపెనీది కాకుండా ఏదో డేటా సెంటర్‌ది అయితే ఇక అనుమానమే లేదు.

చిన్న గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. మీ మెయిల్ అకౌంట్ కలపకముందే యాప్ కంపెనీ అకౌంట్ తెరవమని పట్టుబడుతుందా? కొత్త కంప్యూటర్లో ఆ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వగానే, పాస్‌వర్డ్‌లేవీ అడగకుండానే మీ మెయిల్ అకౌంట్లన్నీ వచ్చేస్తున్నాయా? వస్తున్నాయంటే అవి ఇంతకాలం ఎక్కడ ఉన్నట్టో ఆలోచించండి.

ఇది ఒక్క ఔట్‌లుక్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ యాప్) గొడవేనా?

ఇప్పటి చర్చ ఎక్కువగా దాని చుట్టూనే జరుగుతోంది, ఎందుకంటే అది విండోస్‌తో పాటే వస్తుంది. కొత్త ఔట్‌లుక్‌లో జీమెయిల్, యాహూ, ఐక్లౌడ్, మరే ఐమ్యాప్ (మెయిళ్ళను సర్వర్లోనే ఉంచి చదివే పద్ధతి) అకౌంట్ కలిపినా ఆ మెయిళ్ళు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కి సింక్ అవుతాయి. ఇది రహస్యమేమీ కాదు, కంపెనీ సహాయ పేజీల్లోనే రాసి ఉంది. 2023 నవంబరులో జర్మనీకి చెందిన హైజె అనే సాంకేతిక వార్తా సంస్థ, ఐమ్యాప్ అకౌంట్ల యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా మైక్రోసాఫ్ట్ సర్వర్లకు వెళ్తున్నాయని బయటపెట్టింది. అప్పట్లో జర్మనీ సమాచార రక్షణ కమిషనర్‌గా ఉన్న ఉల్రిష్ కెల్బర్ దీనిపై ఆందోళన వ్యక్తం చేశారు.

కానీ కథ అక్కడ మొదలు కాలేదు. 2014 చివర్లో మైక్రోసాఫ్ట్ అకంప్లి అనే మొబైల్ మెయిల్ యాప్‌ను కొని, 2015 జనవరిలో దాన్నే ఔట్‌లుక్ పేరుతో ఫోన్లకు తెచ్చింది. అది లాగిన్ వివరాలను క్లౌడ్‌లో పెట్టుకుంటోందని ఆ మరుసటి నెలలోనే యూరోపియన్ పార్లమెంటు ఐటీ విభాగం తమవాళ్ళు ఆ యాప్ వాడకుండా అడ్డుకుంది. అంటే ఫోన్లలో పదేళ్ళ కిందటే అలవాటైపోయిన పద్ధతి ఇప్పుడు డెస్క్‌టాప్‌కి వచ్చింది. "స్మార్ట్ ఇన్‌బాక్స్" అంటూ వచ్చే చాలా యాప్‌లు ఈ కోవలోవే.

కంపెనీలు ఎందుకిలా చేస్తున్నాయి? వాళ్ళు చెప్పే కారణాల్లో నిజముందా?

కొన్నిటిలో ఉంది. ఫోన్లలో బ్యాటరీ కోసం ఆపరేటింగ్ సిస్టమే వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంది. కొత్త మెయిల్ వచ్చిందని వెంటనే చెప్పాలంటే ఎక్కడో ఒక సర్వర్ మీ ఇన్‌బాక్స్‌ను కనిపెట్టుకుని ఉండాలి. కంప్యూటర్ ఆపేసి ఉన్నా రేపు ఉదయం తొమ్మిదికి మెయిల్ వెళ్ళాలంటే, దానికీ మేలుకుని ఉండే సర్వర్ కావాలి. ఈ రెండూ ఒప్పుకోవలసినవే.

డెస్క్‌టాప్‌లో "వెంటనే నోటిఫికేషన్ ఇవ్వడానికే క్లౌడ్" అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఐమ్యాప్‌లో ఐడిల్ అనే సదుపాయం 1997 నుంచే ఉంది. యాప్ సర్వర్‌తో కనెక్షన్ తెరిచి ఉంచుతుంది, కొత్త మెయిల్ రాగానే సర్వరే చెబుతుంది. మధ్యవర్తితో పనే లేదు.

అసలు కారణం వేరే ఉందని నా అభిప్రాయం. విండోస్‌కి ఒకటి, మ్యాక్‌కి ఒకటి, వెబ్‌కి ఒకటి అని మూడు యాప్‌లు రాసి నిలబెట్టడం ఖర్చు. ఒక్క వెబ్ యాప్ రాసి, దానికి డెస్క్‌టాప్ చొక్కా తొడిగితే పని అయిపోతుంది. కానీ వెబ్ యాప్‌కు ఐమ్యాప్‌తో నేరుగా మాట్లాడే వీలు లేదు, దాని వెనక సర్వర్ ఉండాల్సిందే. ఏఐ సారాంశాలు, జవాబు సూచనలు వచ్చాక ఆ సర్వర్‌తో కంపెనీకి అవసరం ఇంకా పెరిగింది.

## యాప్ పెట్టుకునే ముందు

పాస్‌వర్డ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి (తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చి) దాస్తామంటున్నారు కదా, ఇక భయమెందుకు?

ఇక్కడే చాలామంది పొరబడతారు. మామూలుగా ఏదైనా వెబ్‌సైట్ మీ పాస్‌వర్డ్‌ను సరిగ్గా దాచితే, తిరిగి చదవడానికి వీల్లేని రూపంలోకి మార్చి దాస్తుంది. దాన్నే హ్యాష్ అంటారు. దొంగ చేతికి చిక్కినా అది నేరుగా పనికిరాదు.

మెయిల్ యాప్ కంపెనీ అలా దాచలేదు. ఎందుకంటే ప్రతిసారీ అది మీ మెయిల్ సర్వర్‌కు అసలు పాస్‌వర్డ్ చెప్పాలి. కాబట్టి ఎన్‌క్రిప్ట్ చేసినా, విప్పే తాళంచెవి కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. సర్వర్లోకి లోతుగా చొరబడినవాడికి రెండూ దొరికే ప్రమాదం ఉంది. ఇక "టీఎల్ఎస్‌తో పంపుతాం" అన్న మాట దారి గురించే చెబుతుంది. దారిలో ఎవరూ చూడరు, నిజమే. చేరిన చోట మాత్రం పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే అందుతుంది.

ఎవరో కూర్చుని నా మెయిళ్ళు చదువుతారా?

మనుషులు చదవడం అరుదు. చదివేది ప్రోగ్రాములు, వాటికి ఓపిక ఎక్కువ. 2017లో అన్‌రోల్.మీ అనే సేవ సంగతి బయటపడింది. అక్కర్లేని న్యూస్‌లెటర్లు తీసేస్తామని జనం ఇన్‌బాక్స్‌లోకి అనుమతి తీసుకుని, వాళ్ళ మెయిళ్ళలోని లిఫ్ట్ అనే ట్యాక్సీ కంపెనీ రసీదుల నుంచి తీసిన సమాచారాన్ని, పేర్లు తొలగించి, పోటీ కంపెనీ ఉబర్‌కు అమ్మింది. మీ మెయిళ్ళను ముట్టుకోం అని నమ్మబలికి ఇలా చేశారన్న ఆరోపణపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఆ సంస్థ 2019లో రాజీ ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.

దురుద్దేశం లేకపోయినా తప్పులు జరుగుతాయి. 2020 మేలో ఎడిసన్ మెయిల్ యాప్‌లో సింక్ అప్‌డేట్‌లో దొర్లిన లోపం వల్ల కొందరికి తెలియనివాళ్ళ ఇన్‌బాక్స్‌లు తమ ఫోన్లో కనిపించాయి. మెయిల్ నేరుగా కంప్యూటర్‌కి వచ్చే యాప్‌లో ఇలాంటి తప్పు జరగడానికి అవకాశమే లేదు, ఎందుకంటే అందరి తాళాలూ ఒకే గుత్తిలో ఉండవు.

"గూగుల్‌తో సైన్ ఇన్" అని వస్తే పాస్‌వర్డ్ ఇవ్వట్లేదు కదా, అప్పుడు సేఫేనా?

పాస్‌వర్డ్ ఇవ్వడం కంటే మేలు. ఆ పద్ధతిని ఓఆత్ అంటారు. యాప్‌కు పాస్‌వర్డ్ బదులు ఒక టోకెన్ దొరుకుతుంది. మీరు కావాలనుకున్నప్పుడు పాస్‌వర్డ్ మార్చకుండానే ఆ టోకెన్‌ను రద్దు చేయవచ్చు.

కానీ టోకెన్ ఏం చేయగలదో చూడండి. సైన్ ఇన్ తెర మీద "మీ మెయిళ్ళన్నీ చదవడానికి, పంపడానికి, తొలగించడానికి" అని రాసి ఉంటే, మెయిల్ వరకు అది పాస్‌వర్డ్‌తో సమానమే. ఇంకొకటి, ఆ టోకెన్ మీ కంప్యూటర్లో ఉంటుందా, కంపెనీ సర్వర్లో ఉంటుందా అన్నది ఓఆత్ చెప్పదు. నేరుగా సర్వర్‌తో మాట్లాడే థండర్‌బర్డ్ అనే మెయిల్ యాప్‌లోనూ ఇదే తెర వస్తుంది, క్లౌడ్ యాప్‌లోనూ ఇదే తెర వస్తుంది. మొదటిదానిలో టోకెన్ మీ డిస్క్ దాటదు.

నాకు దాచుకునేదేం లేదు. ఇంత టెన్షన్ అవసరమా?

ప్రేమలేఖల గురించి ఎవరూ భయపడటం లేదండి. ఏ సైట్లోనైనా "పాస్‌వర్డ్ మరిచిపోయాను" నొక్కితే లింకు ఎక్కడికి వస్తుంది? మెయిల్‌కే. మీ ఇన్‌బాక్స్‌లోకి రాగలిగినవాళ్ళు, ఆ ఇన్‌బాక్స్‌తో తెరిచిన మిగతా అకౌంట్లలో చాలావాటిని తమవి చేసుకోగలరు. పైగా మీ ఇన్‌బాక్స్‌లో మీవి మాత్రమే ఉండవు. ఇతరులు మిమ్మల్ని నమ్మి పంపిన కాగితాలూ ఉంటాయి, వాళ్ళను ఎవరూ అడగలేదు.

నేను వకీలుని, క్లయింట్ల పత్రాలన్నీ మెయిల్లోనే వస్తాయి. వాడొచ్చా?

వృత్తిపరంగా గోప్యత పాటించాల్సినవాళ్ళు, అంటే వకీళ్ళు, డాక్టర్లు, ఆడిటర్లు, విలేకరులు, "వాడుతుంటే ఏమీ కాలేదు కదా" అనే లెక్కన వెళ్ళకూడదు. మెయిల్ ఇచ్చే సంస్థతో మీకో ఒప్పందం ఉంటుంది. మధ్యలో కాపీ ఉంచుకునే యాప్ కంపెనీతో ఉందా? యూరప్‌లో జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం కింద అయితే ఇతరుల వ్యక్తిగత సమాచారాన్ని మీ తరఫున ప్రాసెస్ చేసేవాళ్ళతో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఆ కాపీ ఏ దేశంలోని సర్వర్లో ఉందో, ఆ దేశపు చట్టం దానికి వర్తించే అవకాశం కూడా ఉంది.

ఆఫీసు ఇచ్చిన అకౌంట్ అయితే నిర్ణయం మీది కాదు. ఐటీ విభాగాన్ని అడగకుండా బయటి యాప్‌లో కలపొద్దు. ఉద్యోగాల మీదికి వచ్చిన సందర్భాలు విన్నాను.

ప్రైవసీ పాలసీ చదివే ఓపిక నాకు లేదు. ఏం చూస్తే చాలు?

ఆ పేజీలో "క్రెడెన్షియల్స్", "టోకెన్", "సర్వర్స్", "రిటెన్షన్" అన్న మాటలు వెతకండి. మూడు సంగతులు తేలితే చాలు: లాగిన్ వివరాలు ఎక్కడ దాస్తారు, మెయిల్ లోపలి విషయం సర్వర్లో ఎంతకాలం ఉంటుంది, మీరు వెళ్ళిపోయాక ఎన్ని రోజుల్లో తుడిచేస్తారు. వీటిలో ఏ ఒక్కదానికీ సూటి జవాబు లేకుండా "మీ ప్రైవసీ మాకు ఎంతో ముఖ్యం" అని పేరాలు పేరాలు ఉంటే ఆ యాప్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

## అకౌంట్ కలిపేటప్పుడు

"మీ అకౌంట్‌ను మా క్లౌడ్‌తో సింక్ చేస్తాం" అని అడిగింది. వద్దు అనొచ్చా?

అనొచ్చు. కానీ చాలా యాప్‌లలో వద్దు అంటే అకౌంట్ కలపడమే ఆగిపోతుంది. నిర్మాణమే అలా ఉన్నప్పుడు ఆ కిటికీ పేరుకే అనుమతి. హడావిడిలో "కొనసాగించు" నొక్కేశాక గుర్తొస్తే, వెంటనే ఆ అకౌంట్ తీసేసి, మెయిల్ సర్వర్ వైపు పాస్‌వర్డ్ మార్చేయండి. ఆ కొద్ది నిమిషాల్లోనూ కొన్ని మెయిళ్ళు వెళ్ళే ఉంటాయి, అంతటితో ఆగుతుంది.

యాప్ పాస్‌వర్డ్ (ఒక్క యాప్ కోసమే విడిగా తీసుకునే పాస్‌వర్డ్) ఇస్తే అసలు పాస్‌వర్డ్ భద్రంగా ఉంటుంది కదా?

ఉంటుంది, అది మంచి అలవాటే. గూగుల్లో అయితే టూ-స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే రక్షణ) పెట్టుకున్నవాళ్ళకు 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ ఇస్తారు. ఒక్కో యాప్‌కు ఒక్కోటి తీసుకుంటే, ఒకదాన్ని రద్దు చేసినా మిగతావి నడుస్తాయి. అయితే అది టూ-స్టెప్ అడ్డంకిని దాటి లోపలికి పోతుందని మరవకండి. ఫోన్‌కు కోడ్ రాదు, ఏ ప్రశ్నా ఉండదు. అందుకే దాన్ని మరొకరి సర్వర్లో పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

మా మెయిల్ సర్వర్ ఆఫీసు లోపలే ఉంది. పాత యాప్‌లో వచ్చేది, కొత్తదాంట్లో "సర్వర్ దొరకలేదు" అంటోంది. ఏం చేయాలి?

మీ తప్పేం లేదు, పోర్టు నంబర్లు మార్చి చూస్తూ సమయం పాడుచేసుకోకండి. పాత యాప్‌లో కనెక్షన్ మీ కంప్యూటర్ నుంచి వెళ్ళేది. కంప్యూటర్ ఆఫీసు నెట్‌వర్క్‌లోనో వీపీఎన్‌లోనో (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే దారి) ఉంది కాబట్టి సర్వర్ కనిపించేది. కొత్త యాప్‌లో కనెక్షన్ బయటి డేటా సెంటర్ నుంచి వస్తుంది. అక్కడి నుంచి మీ లోపలి సర్వర్‌కు దారే లేదు.

ఇదే కారణంతో వచ్చే ఇబ్బందులు మరికొన్ని ఉన్నాయి, బయటికి మాత్రం వేరే రోగాల్లా కనిపిస్తాయి. సర్వర్ కొన్ని ఐపీ అడ్రస్‌లనే లోపలికి రానిచ్చేలా పెట్టి ఉంటే ఆగిపోతుంది. మీరే తయారుచేసుకున్న సర్టిఫికెట్‌ను మీ కంప్యూటర్ నమ్ముతుంది గానీ దూరాన ఉన్న సర్వర్ నమ్మదు. ఒకే అడ్రస్ నుంచి ఎక్కువ లాగిన్లు వస్తే నిరోధించే రక్షణ ఉంటే అప్పుడప్పుడు మాత్రమే పనిచేస్తుంది. అప్పుడప్పుడు పనిచేసేదే అన్నిటికంటే ఎక్కువ తల తినేది. మెయిళ్ళను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచే ప్రోటాన్ మెయిల్ సేవ వాడేవాళ్ళకూ ఇదే చిక్కు. వాళ్ళ బ్రిడ్జ్ అనే ప్రోగ్రాము మీ కంప్యూటర్లోనే చిన్న ఐమ్యాప్ సర్వర్లా కూర్చుని మెయిళ్ళను విప్పుతుంది. మీ కంప్యూటర్ లోపలి చిరునామాను బయటి సర్వర్ ఎలా చేరుకుంటుంది?

దీనికి పరిష్కారం నేరుగా కనెక్ట్ అయ్యే యాప్ వాడటమే. కొత్త యాప్ కోసం ఫైర్‌వాల్‌ను లోకమంతటికీ తెరిచిన ఒక ఆఫీసును నేను చూశాను. ఆ రాత్రి నుంచే ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నాలు లాగ్‌లో కుప్పలు పడ్డాయి. ఆ పని మాత్రం చేయకండి.

## రోజూ వాడేటప్పుడు

నెట్ లేనప్పుడు పాత మెయిల్ తెరుచుకోవడం లేదు. పాత యాప్‌లో వచ్చేది కదా?

పాత యాప్ మెయిళ్ళను పూర్తిగా డిస్క్ మీదికి దించుకునేది. క్లౌడ్ యాప్‌లు ఇటీవలి కొన్ని రోజులవే దగ్గర పెట్టుకుంటాయి, అటాచ్‌మెంట్లు చాలాసార్లు అసలే ఉంచుకోవు. సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ అనే భాగం ఉంటే అక్కడ రోజులు పెంచుకోండి. ప్రయాణానికి ముందు నెట్ ఆపేసి, ఏడాది కిందటి అటాచ్‌మెంట్ ఒకటి తెరిచి చూడండి. రైలెక్కాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

సెర్చ్ చేస్తే ఐదేళ్ళ కిందటి మెయిల్ దొరకడం లేదు. పోయినట్టేనా?

దాదాపుగా పోయి ఉండదు. వెబ్‌లో మీ అసలు మెయిల్ అకౌంట్ తెరిచి అక్కడ వెతకండి. యాప్ కంపెనీ సర్వర్ దగ్గర ఉన్న కాపీలోకి ఆ పాత మెయిల్ ఇంకా రాకపోయి ఉంటే, అక్కడ వెతికినా కనిపించదు.

నా పాత పీఎస్టీ ఫైళ్ళు (ఔట్‌లుక్ మెయిళ్ళను కంప్యూటర్లో దాచే ఫైళ్ళు), యాడ్-ఇన్‌లు (యాప్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రాములు) ఏమవుతాయి?

ఔట్‌లుక్ సంగతి చెబుతాను, ఎక్కువమందికి తగిలే దెబ్బ ఇదే. పాత ఔట్‌లుక్‌లో నడిచే కామ్ అనే పాత రకం యాడ్-ఇన్‌లు కొత్తదాంట్లో నడవవు. అక్కడ వెబ్ యాడ్-ఇన్‌లు మాత్రమే పనిచేస్తాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, పత్రాల నిర్వహణ సాఫ్ట్‌వేర్ మెయిల్‌తో కలిసి పనిచేసేలా ఏళ్ళ కిందట ఎవరో రాసిచ్చి వెళ్ళినవి చాలా ఆఫీసుల్లో ఉన్నాయి. రాసినవాళ్ళు ఇప్పుడు దొరకరు. మారేముందు మీరు వాడే యాడ్-ఇన్‌ల జాబితా రాసుకుని, తయారీదారును ఒక్కొక్కటీ అడిగి తేల్చుకోండి.

పీఎస్టీ ఫైళ్ళకు కొత్త ఔట్‌లుక్ మొదట్లో మద్దతే ఇవ్వలేదు, తర్వాత విడతలవారీగా ఇస్తూ వస్తోంది. కొత్తది చదవగలిగినా సరే, ఆ ఫైళ్ళ నకలు ఒకటి బయటి డిస్క్‌లో పెట్టుకోండి. ఇక ఓఎస్టీ ఫైలును పీఎస్టీతో కలగలపకండి. ఓఎస్టీ అన్నది సర్వర్లోని మెయిల్‌కు తాత్కాలిక నకలు మాత్రమే. వేరే కంప్యూటర్లో పెట్టి తెరుద్దామంటే తెరుచుకోదు.

నేను పెట్టుకున్న రూల్స్ సగం పనిచేయడం లేదెందుకు?

రూల్స్ రెండు రకాలు. "ఫలానావారి మెయిల్ ఫలానా ఫోల్డర్లోకి" లాంటివి సర్వర్లోనే నడవగలవు. "మెయిల్ రాగానే ఈ శబ్దం చేయి, ప్రింట్ తీయి, ఈ ప్రోగ్రాము నడుపు" లాంటివి కంప్యూటర్లోనే నడవాలి. కొత్త యాప్‌లో పోయేవి ఈ రెండో రకంవి. ముఖ్యమైన మొదటి రకం రూల్స్‌ను మీ మెయిల్ అకౌంట్ వెబ్ సెట్టింగ్స్‌లో పెట్టుకుంటే, యాప్ ఎన్నిసార్లు మారినా అవి నడుస్తూనే ఉంటాయి.

నేను పీజీపీ అనే పద్ధతితో మెయిళ్ళను ఎన్‌క్రిప్ట్ చేస్తాను. అప్పుడు క్లౌడ్ ఉన్నా పర్వాలేదా?

ప్రైవేట్ కీ, అంటే మెయిల్‌ను విప్పే రహస్య తాళంచెవి, మీ కంప్యూటర్లోనే ఉంటే మెయిల్ లోపలి విషయం వరకు పర్వాలేదు. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది, చాలా సందర్భాల్లో సబ్జెక్ట్ కూడా, అప్పటికీ కనిపిస్తాయి. కీ కూడా మాకివ్వండి, మేమే విప్పి చూపిస్తాం అనే యాప్ అయితే ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నా లాభం లేదు. థండర్‌బర్డ్‌లో 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ లోపలే ఉంది, కీలు మీ దగ్గరే ఉంటాయి.

కంపెనీ సర్వర్ పడిపోతే?

మీ మెయిల్ సర్వర్ చక్కగా నడుస్తున్నా మీకు మెయిల్ రాదు. వెబ్‌లో నేరుగా తెరుచుకోవడం మీకు తెలిసి ఉంటే ఆ పూట గడుస్తుంది. ఆ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

## బయటికి రావాలనుకుంటే

యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేశాను. సరిపోతుందా?

సరిపోదు. మీ కంప్యూటర్లోంచి పోయింది తెర మాత్రమే. వెనకాల సర్వర్ మీ మెయిల్లోకి వస్తూ పోతూ ఉండొచ్చు. ఈ వరుసలో చేయండి. ముందు యాప్ లోపల ఉండగానే మెయిల్ అకౌంట్‌ను తొలగించండి. యాప్ కంపెనీ అకౌంట్ అనేది విడిగా ఉంటే, దాన్ని కూడా డిలీట్ చేయమని అడగండి. ఆపైన మీ మెయిల్ అకౌంట్ భద్రతా పేజీకి వెళ్ళి, బయటి యాప్‌ల జాబితాలో దాని అనుమతి రద్దు చేయండి. యాప్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే దాన్ని తీసేయండి, అసలు పాస్‌వర్డే ఇచ్చి ఉంటే మార్చేయండి. వారం తర్వాత లాగిన్ల జాబితా మరోసారి చూసుకోండి.

మరి ఏ యాప్‌కి మారమంటారు?

నేను థండర్‌బర్డ్ వాడతాను. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, నేరుగా సర్వర్‌తో మాట్లాడుతుంది, 2004 నుంచి ఉంది. అందంగా ఉందని మాత్రం నేననను. మ్యాక్ ఉన్నవాళ్ళకు దానితో వచ్చే యాపిల్ మెయిల్ చాలు, అదీ నేరుగానే కనెక్ట్ అవుతుంది. లినక్స్‌లో ఎవల్యూషన్, కేమెయిల్ ఉన్నాయి.

నేరుగా కనెక్ట్ అయ్యే యాప్ అంటే భద్రత దానంతటదే వచ్చేయదు. థండర్‌బర్డ్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టకపోతే, మీ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దాచిన పాస్‌వర్డ్‌లన్నీ చూడొచ్చు. లాప్‌టాప్ పోగొట్టుకుంటే మెయిలంతా దానితోనే పోతుంది. కాబట్టి ప్రైమరీ పాస్‌వర్డ్, డిస్క్ ఎన్‌క్రిప్షన్ రెండూ పెట్టుకోండి.

పాత వెర్షన్‌నే పట్టుకుని కూర్చుంటే ఏమవుతుంది?

అది ఏ యాప్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. విండోస్‌తో వచ్చిన మెయిల్ యాప్‌కు 2024 డిసెంబరు 31తో మద్దతు ముగిసింది, అందులో ఇక మెయిల్ పంపలేరు, అందుకోలేరు. క్లాసిక్ ఔట్‌లుక్‌కు, అంటే పాత ఔట్‌లుక్‌కు, కనీసం 2029 వరకు మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది, కాబట్టి కంగారు లేదు. బాగా పాత యాప్‌లకు వేరే సమస్య. మామూలు పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడాన్ని గూగుల్ 2022 మేలో వ్యక్తిగత అకౌంట్లకు ఆపేసింది, ఔట్‌లుక్.కామ్ అకౌంట్లకు మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ఆపేసింది. ఓఆత్ తెలియని యాప్ ఎంత బాగున్నా ఔట్‌లుక్.కామ్‌లోకి రాలేదు. గూగుల్లోకి యాప్ పాస్‌వర్డ్‌తో మాత్రమే రాగలదు.

మెయిళ్ళేవీ పోకుండా మారడం ఎలా?

ఐమ్యాప్ అకౌంట్ అయితే పెద్ద పనేం లేదు. మెయిళ్ళు సర్వర్లోనే ఉంటాయి కాబట్టి, కొత్త యాప్‌లో అకౌంట్ కలిపితే అవే దిగుతాయి. పాత యాప్‌ను వెంటనే తీసేయకుండా నెల రోజులు పక్కన ఉంచండి.

చిక్కంతా రెండు చోట్ల. మొదటిది, "ఈ కంప్యూటర్లో మాత్రమే" ఉన్న ఫోల్డర్లు. సర్వర్లో చోటు చాలక పాత మెయిళ్ళను వాటిలోకి జరిపి ఉంటారు, జరిపామన్న సంగతే మరిచిపోతారు. వాటిని తిరిగి ఐమ్యాప్ ఫోల్డర్లోకి లాగి, వెబ్‌లో కనిపిస్తున్నాయని చూసుకున్నాకే ముందుకు వెళ్ళండి. సర్వర్లో చోటు లేకపోతే ఎంబాక్స్ లేదా ఈఎంఎల్ రూపంలో ఎగుమతి చేసుకోండి, ఇవి ఏ యాప్‌కైనా దాదాపు అర్థమవుతాయి.

రెండోది పాప్3. అది మెయిల్‌ను కంప్యూటర్లోకి దించి, సర్వర్లో తుడిచేసే పద్ధతి. "సర్వర్లో కాపీ ఉంచు" అన్న గడిలో టిక్ లేకపోతే అంతే సంగతులు. నా సొంత అనుభవం చెబుతాను. కొత్త యాప్ ప్రయత్నిద్దామని పాప్ అకౌంట్ కలిపి, ఆ గడి చూసుకోలేదు. రెండు నెలల మెయిళ్ళు కొత్త యాప్‌లోకి దిగి, సర్వర్లోంచి మాయమయ్యాయి. యాప్ నచ్చక మర్నాడే తీసేశాను, దానితోపాటే మెయిళ్ళూ పోయాయి. పాత కంప్యూటర్ బ్యాకప్‌లో సగమే దొరికాయి.

థండర్‌బర్డ్‌లోకి వచ్చేశాక బ్యాకప్ సులువు. సహాయం మెనూలో ట్రబుల్‌షూటింగ్ సమాచారం తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో కనిపిస్తుంది. యాప్ మూసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. మెయిళ్ళు, అడ్రస్‌లు, సెట్టింగ్స్, దాచిన పాస్‌వర్డ్‌లు అన్నీ అందులోనే ఉంటాయి, కాబట్టి ఆ డిస్క్‌ను కూడా ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టుకోండి.